పెళ్లికి చేరని హజ్రత్

నా భార్య పోయిన మూడో నెలలో పక్కింటి ఖాలా నన్ను ఒక పుస్తకం చదివి వినిపించమని అడిగింది. ఆ పుస్తకం నాదే. పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మా ఇంటి అలమారలో పై అరలో ఉండేది. వేరే దేశపు పాత హాస్య నవలకు తెలుగు అనువాదం. చాలా లావు. ఒక ముసలి పండితుడు మేనకోడలి పెళ్లికని గుర్రబ్బండిలో బయలుదేరతాడు. దారిలో కనబడ్డ ప్రతి మనిషినీ సరిదిద్దితే తప్ప ముందుకు కదలలేడు. సత్రం నడిపేవాడికి సత్రం నడపడం నేర్పుతాడు, వంటామెకు వంట, దొంగకు దొంగతనం. అందువల్ల పెళ్లికి ఎంతకీ చేరడు. కథ అంతే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో దాన్ని కొని చదివాను. నేను ప్రభుత్వ గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. నవల పద్ధతిగా కట్టారని అనిపించింది. నవ్వు వచ్చినట్టు మాత్రం గుర్తు లేదు.

మూడేళ్ల కిందట నా భార్య దాన్ని తీసుకుపోయింది. మధ్యాహ్నాలు ఆమె ఖాలా ఇంటికి పోయేది. అక్కడ ఆడవాళ్లు లక్క గాజులకు రాళ్లు అతికిస్తారు. లాడ్‌బజార్ దుకాణాల నుంచి గాజులూ రాళ్లూ సంచుల్లో వస్తాయి. ఖాలా, ఆమె కోడలు, ఎదురుగా ఉన్న కిరాణా దుకాణం వాళ్ల కోడలు, ఈ ముగ్గురూ కూర్చుని ఆ పని చేస్తారు. నా భార్యకు వేళ్ల నొప్పులు. అంత చిన్న రాళ్లు పట్టలేకపోయేది. అందుకని చదివి వినిపించే పని ఆమెకు వచ్చింది.

ఆమె ఆ పుస్తకం అలమారలోంచి దింపుతుంటే చూశాను.

"ముందుగాల ఒక మాట," అన్నాను. "అది వాళ్లకు సమజ్ కాదు. ఆ దేశం తెల్వాలె, ఆ కాలం తెల్వాలె. ఏదన్న చిన్న కథల పుస్తకం తీస్కపో."

"సరే," అంది. ఆ పుస్తకమే తీసుకుపోయింది.

ఆ మూడేళ్లలో ఒక్కసారి కూడా అది ఎంతవరకు వచ్చిందని నేను అడగలేదు. ఆడవాళ్లు పొద్దుపుచ్చుకుంటున్నారు అనుకున్నాను.

ఖాలా అడగడానికి వచ్చిన రోజు పొద్దున మాసికం అయింది. వచ్చిన నలుగురూ భోంచేసి వెళ్లిపోయారు. ఖాలా మా గడప దగ్గరికి వచ్చి నిలబడింది. పక్కన కిరాణా కోడలు.

"భాయ్‌సాబ్, మీరు గమ్‌ల ఉన్నరు. అడగొద్దు నేను. గని హజ్రత్ పెండ్లికి చేరిండా, లేదా?"

నాకేమీ అర్థం కాలేదు. "ఏ హజ్రత్, ఖాలా?"

"గా పుస్తకంల ముసలాయన, మామా," అంది కిరాణా కోడలు. "అత్తమ్మ ఆయన్ని హజ్రత్ అని చెప్తుండె, పెద్దాయన అన్నట్టు. నది దాటే కాడ ఆపింది. తెల్లారి దవాఖానకు పోయింది."

నా భార్యను ఆమె అత్తమ్మ అనేది. పుస్తకం నది దగ్గరే ఆగిపోయిందన్న మాట.

"మొహర్రం వస్తున్నది," అంది ఖాలా. "చాంద్ కనబడ్డదంటే మా ఇంట్ల రెండు నెలల దాంక నవ్వు ముచ్చట ఉండది. నాకేమో షుగరు, గుండె, అన్ని ఉన్నయి. అప్పటిదాంక ఎవరుంటరో ఎవరు పోతరో. మూడేండ్ల సంది వింటున్న కితాబు అధూరా, సగంల ఇడిసి పోవాల్నా నేను? మాకెవ్వరికి తెలుగు చదువరాదు. దీనికి వస్తది, గని లెక్కల చిట్టీలు చదివినట్టు చదువుతది."

కిరాణా కోడలు అవునన్నట్టు తల ఊపింది.

"ముందుగాల ఒక మాట, ఖాలా," అన్నాను. "మా ఇంట్ల సంవత్సరీకం గాలె. నేను నవ్వుల పుస్తకం పట్టుకొని కూసుంటె నలుగురు ఏమంటరు?"

కిరాణా కోడలు గభాలున కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నాకూ కళ్లు తడి అయ్యాయి.

"మీరు నవ్వకుంట చదువుండ్రి," అంది ఖాలా. "నవ్వేది మేము."

అలా ఒప్పుకున్నాను.

ఖాలా ఇంట్లో వాకిలి దాటగానే దాలాన్ అనే వసారా, దాని తర్వాత లోపలి గది. ఆ మధ్య ద్వారానికి వెలిసిపోయిన పచ్చ పర్దా. ఖాలా కోడలు నా ముందుకు రాదు. ఈ గోడకు అటూ ఇటూ ఇన్నేళ్లుగా ఉంటున్నా నేనామెను చూడలేదు. ఆమె గొంతు కూడా నీళ్ల వేళకు మాత్రమే వినేవాణ్ని. నాకు దాలాన్‌లో కుర్చీ వేశారు. వాళ్లు పర్దా వెనక చాప మీద కూర్చున్నారు. పుస్తకంలో గాజుల డబ్బా అట్టముక్క ఒకటి గుర్తుగా పెట్టి ఉంది. అక్కడి నుంచి మొదలుపెట్టాను.

ఆ అధ్యాయమంతా చదివాను. ఎక్కడా తడబడలేదు. పర్దా వెనక పళ్లెంలో రాళ్లు కదిలే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. అయిపోయాక ఖాలా అడిగింది:

"భాయ్‌సాబ్, ఇది గదే కితాబేనా?"

"అదే, ఖాలా."

"సత్రం అఫ్జల్‌గంజ్‌ల గద ఉండాల్సింది?"

"బండి తోలెటోడు జహనుమా జట్కావాలా," అంది కిరాణా కోడలు. "ఈడెవడో వేరేటోడు వచ్చిండేంది?"

"వాడు హజ్రత్ మాట మొదలుపెట్టంగనే 'యా అల్లా' అంటడు," అంది ఖాలా. "ఇయ్యాల ఒక్కసారి గూడ అనకపాయె."

పుస్తకంలో అఫ్జల్‌గంజ్ లేదు. జట్కావాలా లేడు. నా భార్య ఆ నవలను చదవలేదు, చెప్పింది. చదువుకుంటూనే మా గల్లీ మాటలోకి మార్చుకుంటూ పోయింది. కొంత తెలుగు, కొంత ఉర్దూ. అది నాకు నచ్చలేదు. ఒక గ్రంథాన్ని అట్లా చేయకూడదు అనిపించింది. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నాను. గొంతు సవరించుకున్నాను.

"అట్ల గాదు," అన్నాను. "ముందుగాల ఒక మాట. ఈ కథ జరిగిన దేశంల..."

పర్దా వెనక ఎవరో దగ్గారు. ఒక పళ్లెం బోర్లా పడింది. ఆ తర్వాత నవ్వు, ఆపుకుంటున్న నవ్వు, ఒకరిని చూసి ఒకరు. నేను ఆ దేశపు సత్రాల గురించి వివరించాను. నవ్వు పెరిగింది. వివరిస్తే అర్థమవుతోంది, అర్థమైతే నవ్వు వస్తోంది అనుకున్నాను.

ఆ మర్నాటి నుంచి ఇంట్లో ముందే చదువుకుని పోవడం మొదలుపెట్టాను. ఎక్కడ ఆగాలి, ఏది వివరించాలి అని చూసుకునేవాణ్ని. చదువుతున్నంతసేపూ పర్దా వెనక నిశ్శబ్దం. నేను పుస్తకం మూసి, వేలు లోపల పెట్టుకుని వివరించడం మొదలుపెడితే నవ్వు. కిరాణా దుకాణానికి పప్పు కోసం పోతే ఆ కోడలు తూకం వేస్తూ, "మామా, నిన్న మస్తుగ చెప్పినవు," అంది. ఇంటికి వచ్చేదాకా ఆ మాట నాతో ఉంది. నా భార్య ఇంత వివరంగా చెప్పి ఉండదు అని కూడా ఒకరోజు అనుకున్నాను. ఇది రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి, కానీ అనుకున్న మాట అదే.

కొన్నాళ్లకు సత్రం యజమాని భార్య చనిపోయే అధ్యాయం వచ్చింది. ముందురోజు చదువుకున్నప్పుడే అది వదిలేద్దామా అనుకున్నాను. పుస్తకంలో పేజీలు వదలడం నాకు చేతకాదు.

చదివాను. పాడె లేస్తుంది. ఇరుకు వీధిలో మోసేవాళ్లు మలుపు తిరుగుతుంటారు. పండితుడు బండి దిగి వాళ్లను ఆపుతాడు. అక్కడికి వచ్చేసరికి చదవలేకపోయాను. ఆగాను. అద్దాలు తీసి తుడుచుకున్నాను. గొంతు సవరించుకున్నాను. ఏడుపు రాకుండా ఏదో ఒకటి మాట్లాడాలని మాట్లాడాను.

"ముందుగాల ఒక మాట. ఆ దేశంల పాడె కట్టే పద్ధతి..."

నవ్వు ఒక్కసారిగా బయటపడింది. అంతకుముందు ఏ రోజూ అంత నవ్వలేదు. కిరాణా కోడలు "అయ్యో అయ్యో" అంటూ నవ్వుతోంది.

పుస్తకం మూసేశాను. "నవ్వేటిదేమున్నది ఇండ్ల?" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "పీనుగ లేస్తున్నది ఆడ. మనిషి పోయిందని చదువుతున్న నేను."

ఖాలా పర్దా పక్కకు తీసి దాలాన్‌లోకి వచ్చింది. నా కుర్చీ పక్కన నేల మీద, గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె వేళ్లకు జిగురు, దాని మీద రెండు ఎర్ర రాళ్లు అంటుకుని ఉన్నాయి.

"బురా మత్ మానో, భాయ్‌సాబ్. దాచి పెట్టి పాపం కట్టుకోను. హజ్రత్ మాట్లాడినప్పుడల్ల మీ బీబీ మీ ఆవాజ్‌లనే, మీ గొంతుతోనే చెప్తుండె."

పుస్తకం ఒడిలో పెట్టుకున్నాను.

"అద్దాలు తుడుస్తుండె. అద్దాల్లేకుంట తుడుస్తుండె, గిట్ల," అని చీర చెంగు పట్టుకుని చూపించింది. "గొంతు సాఫ్ చేస్తుండె. తర్వాత 'ముందుగాల ఒక మాట'. గంతే, మేము కడుపులు పట్టుకుంటుంటిమి. ఇప్పుడు మీరే వచ్చి ఆడ కూసోని అదే జేస్తుంటె మేమేం జెయ్యాలె?"

"తప్పయింది, మామా," అంది కిరాణా కోడలు లోపలి నుంచి.

"గని ఇయ్యాల," అన్నాను. "ఇయ్యాల చావు గద."

ఖాలా నేల వైపు చూసింది. పర్దా వెనక నుంచి, నాతో ఎన్నడూ మాట్లాడని ఖాలా కోడలి గొంతు చెప్పింది. నెమ్మదిగా, వెతుక్కుంటూ మాట్లాడే తెలుగు.

"అంకుల్, ఆంటీని తీస్కపోయిన రోజు మేము మీద కిటికీల నుంచి చూస్తున్నం. గల్లీ మలుపు కాడ మీరు నలుగురిని ఆపిన్రు. వాళ్లు మోస్కొని నిలబడ్డరు. మీరు అద్దాలు తీసి తుడిచిన్రు. తర్వాత చెప్పిన్రు. ఆ రోజు మేము ఏడుస్తున్నం, అంకుల్. ఏడుస్తనే అమ్మీ నా చెయ్యి పట్టుకొని అన్నది, 'ఇది చూస్తే ఆమెకు నవ్వు ఆగకపోవు' అని."

అది నిజం. మా గల్లీ మలుపు ఇరుకు. పాడె ఎటు తిప్పితే గోడకు తగలదో మోసేవాళ్లకు తెలియదనుకున్నాను. ఆపి చెప్పాను. వాళ్లు మా గల్లీవాళ్లే. నాకన్నా ముందు నుంచి ఆ మలుపులో పాడెలు తిప్పినవాళ్లు. భుజాల మీద బరువుతో నిలబడి నేను చెప్పిందంతా విన్నారు.

నేను లేచి పుస్తకం కుర్చీలో పెట్టి ఇంటికి వచ్చేశాను.

నాలుగైదు రోజులు బయటికి పోలేదు. మొదట కోపం వచ్చింది. చనిపోయిన మనిషి మీద కోపం ఎక్కువసేపు పట్టి ఉంచడం కష్టం. తర్వాత సిగ్గు. దుకాణం ముందు నుంచి పోతే ఆ కోడలు నన్ను చూసేది నన్నుగానా, హజ్రత్‌గానా? మూడేళ్లుగా నేను గల్లీలో నడిచినప్పుడల్లా ఆ కిటికీల వెనక ఎవరు ఏమనుకున్నారో? ఎవరింట్లో పెళ్లి పందిరి వేస్తున్నా ఆగి చెప్పేవాణ్ని. కుళాయి బిగించేవాడికి చెప్పేవాణ్ని. అవన్నీ ఒక్కొక్కటే గుర్తుకు వచ్చాయి.

కానీ అడుగున ఉన్న సిగ్గు అది కాదు. అది తెలియడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. వంటింట్లో ఒక్కతే ఉన్నప్పుడు ఆమె అప్పుడప్పుడు నవ్వుకునేది. "ఏంది నవ్వు?" అని అడిగేవాణ్ని. "ఏం లేదు," అనేది. ఏం లేదనే నమ్మాను. ఆమె మెతక మనిషి, మాట తక్కువ అని చుట్టాలకు చెప్పేవాణ్ని. గోడకు అవతల ముగ్గురు ఆడవాళ్లు ఆమె నోరు తెరిస్తే చాలు నవ్వేవారు. ఆమె నవ్వించగలదని నాకు తెలియదు. పెళ్లయిన నాటి నుంచి ఒకే ఇంట్లో ఉన్నాం.

కిరాణా కోడలు వచ్చి తలుపు కొట్టింది. ఆమె చేతిలో పుస్తకం ఉంది.

"మామా, ఖాలా పంపింది. రేపో ఎల్లుండో నెలవంక అంటున్నరు. ఇంకొన్ని పేజీలే ఉన్నయట, అట్ట కాడికెంచి చేత్తో పట్టి చూసింది. నువ్వు రాకుంటె పుస్తకం గిట్లనే నీకిచ్చి రమ్మన్నది. లొల్లి ఏం లేదు, నీ ఇష్టం."

పుస్తకం తీసుకున్నాను. "మీ అత్తమ్మ లెక్క చెప్పేది ఎవరికన్న వస్తదా?" అని అడిగాను.

ఆమె కాసేపు నా ముఖం చూసింది. "ఖాలా కోడలుకు వస్తది," అంది. "హూబహూ అట్లనే."

పోయాను. పర్దా ముందు కుర్చీ అట్లాగే ఉంది. కూర్చుని, పర్దా వైపు చూడకుండా చెప్పాను. "నేను రాసి ఉన్నది చదువుత. హజ్రత్ మాట వచ్చినప్పుడు ఆపుత. అది నువ్వు చెప్పు, బేటీ. మీ ఆంటీ ఎట్ల చెప్తుండెనో గట్ల."

లోపల గుసగుసలు. ఖాలా "చెప్పు, చెప్పు" అంటోంది.

మొదటిసారి ఆమె గొంతు సవరించుకున్నప్పుడు నేను పుస్తకం పట్టుకున్న చేతులు బిగించాను. ఆ చప్పుడు నాదే. దాని తర్వాత చిన్న ఖాళీ, అద్దాలు తుడిచేంతసేపు. తర్వాత, "ముందుగాల ఒక మాట." మధ్య పదం దగ్గర గొంతు కొద్దిగా పైకి పోతుంది. నేను అట్లా అంటానని నాకు తెలియదు. జట్కావాలా "యా అల్లా" అన్నాడు. వాళ్లు నవ్వారు. నన్ను ఎన్నడూ ఎదురుగా చూడని అమ్మాయి అది. నా దగ్గర నేర్చుకోలేదు, నా భార్య దగ్గర నేర్చుకుంది. ఆ గొంతులో నేనున్నాను, నన్ను అన్నేళ్లూ గమనించిన మనిషి కూడా ఉంది. ఎగతాళి ఉంది. అయితే నేను భయపడినంత కఠినం కాదు. అద్దాలు తుడిచే ఖాళీని ఆ అమ్మాయి తొందరపెట్టేది కాదు. నా భార్య కూడా పెట్టేది కాదు కాబోలు.

అట్లా చివరి అధ్యాయానికి వచ్చాం. హజ్రత్ పెళ్లి ఇంటికి చేరతాడు. చేరేసరికి ఆ మేనకోడలి కూతురి పెళ్లి జరుగుతూ ఉంటుంది. పందిరి వంకరగా ఉంది, దీపాలు ఉండాల్సిన చోట లేవు, వడ్డన తప్పు వరసలో జరుగుతోంది. ఆయన నోరు తెరుస్తాడు. ఎవరో వచ్చి ఆయన ముందు అన్నం వడ్డిస్తారు. ఆయన తింటాడు.

చదివి పుస్తకం మూశాను.

"తర్వాత?" అంది ఖాలా.

"అయిపోయింది."

"నోరు తెరిచిండు గద. ఏమన్నడు?"

"ఏమనలేదు, ఖాలా. అన్నం తిన్నడు."

"నై, భాయ్‌సాబ్. రాసినోడు ఇడిసిపెట్టిండేమో, మీ బీబీ ఇడిసిపెట్టకపోవు. ఏదో ఒకటి అనిపిస్తుండె. ఏందే, ఏమనిపిస్తుండె ఆమె?"

కోడలు గొంతు తగ్గించింది. "ఇది ఆంటీ చెప్పలేదు గద, అమ్మీ. చెప్పింది చెప్తగని, చెప్పనిది నాకెట్ల వస్తది?"

"అయితే మీరు చెప్పుండ్రి," అంది ఖాలా నాతో. "మీ ఇంటి మనిషి గద. ఏమంటుండె?"

వాళ్లు పని ఆపారు. రాళ్ల చప్పుడు లేదు. నిజంగా ఆలోచించాను. ఆమె అయితే ఆ ముసలాయన చేత ఏమనిపించేది? కళ్లద్దాలు తీశాను, తీశానని తెలిసి మళ్లీ పెట్టుకున్నాను. ఆమె అనే ఒక్క మాట కూడా నాకు తోచలేదు.

"నాకు తెల్వదు," అన్నాను.

పర్దా వెనక ఖాలా తనలో తాను అన్నట్టు అంది: "హజ్రత్‌కు తెల్వదట."

మొదట నవ్వింది కిరాణా కోడలు. తర్వాత అందరూ. తర్వాత నేను. నాకు అంత గట్టిగా నవ్వు వస్తుందనుకోలేదు. వాకిలి తలుపు తెరిచే ఉంది. ఎదురుగా దుకాణంలో కిరాణా కోడలి మామగారు పప్పు పోస్తున్నవాడు చెయ్యి ఆపి ఇటు చూశాడు. సంవత్సరీకం కాని మనిషి పక్కింటి దాలాన్‌లో కూర్చుని పగలబడి నవ్వుతున్నాడు. ఆపుకోవాలని చూశాను, ఆగలేదు. బయటికి వచ్చేటప్పుడు ఆయన ముఖం చూడకుండా తల వంచుకుని మా గడప ఎక్కాను.

నెలవంక మర్నాడు కనబడింది. గల్లీలో నల్లబట్టలు వచ్చాయి. నేను ఇది రాస్తున్న వేళకు వాళ్ల గమ్, ఆ రెండు నెలల సంతాపం, ఇంకా తీరలేదు. ఖాలా గడప దగ్గర ఎదురైతే సలాం చెబుతుంది, అంతకన్నా మాట్లాడదు. నాకదే నయంగా ఉంది. ఒకసారి మాత్రం ఆగి, గొంతు తగ్గించి అడిగింది: "భాయ్‌సాబ్, మా గమ్ అయినంక ఇంకో కితాబు తెస్తరా? నవ్వులదే తేవాలె."

చూస్తానన్నాను. అప్పటి నుంచి అలమార వెతుకుతున్నాను. జీవితమంతా ఎంచి ఎంచి కొన్న పుస్తకాలు. ఒక్కొక్కటి తీసి, దుమ్ము దులిపి, రెండు పేజీలు చదివి పెట్టేస్తున్నాను. అందులో నవ్వుల పుస్తకం అదొక్కటే ఉన్నట్టుంది. అది నవ్వుల పుస్తకమని నా భార్యే కనిపెట్టింది.